సాముశాలను విడుచుట ఎప్పుడు?

దేహబలమును, దానితోపాటు ధైర్యమును సంపాదించుకొనుటకై మన పెద్దలు పూర్వకాలమునుండియు అనేక విద్యలను అభ్యసించుచు వచ్చిరి. కర్రసాము, కత్తిసాము, కుస్తీ మొదలగునవి అట్టివి. వీనిని నేర్పు తావులకు తెలుగుసీమలో గరిడీలని పేరు. తెలంగాణమున వానిని తాలీంఖానాలనియు పిలిచిరి. మెత్తగా త్రవ్వి చదును చేసిన మట్టిగోదాలో, ఉస్తాదు ఒక ప్రక్కన నిలిచి చూచుచుండగా, శిష్యులు దండీలు, బస్కీలు తీసి, పిమ్మట పట్లు నేర్చుకొనెడివారు.

నేడు ఈ విద్యలతోపాటు పరదేశ విద్యలును మన పట్టణములకు వచ్చినవి. జపానునుండి జూడో, కరాటేలు, కొరియానుండి తైక్వాండో వచ్చినవి. జూడో 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో చేరినది. తైక్వాండో 2000లో సిడ్నీ క్రీడలలో పతకపు పోటీగా ప్రవేశించినది. కరాటే 2021లో జరిగిన టోక్యో క్రీడలలో స్థానము పొందినది. ప్రభుత్వ పాఠశాలలలో బాలికలకు ఆత్మరక్షణ నేర్పుటకై సమగ్ర శిక్షా పథకము క్రింద రాణీ లక్ష్మీబాయి పేరిట శిక్షణ ఏర్పాటయినది. కావున మీలో కొందరు ఏదో యొక సాముశాలకు పోవుచునే యుందురు; కొందరు పోవ దలచుచుందురు.

ఎంతో ఉత్సాహముతో చేరిన సాముశాల మనము తలచినట్లు లేకపోయినచో ఏమి చేయవలెను? విసుగు పుట్టగానే మానివేయవచ్చునా? గురువును విడుచుట తప్పని తలచి, మేలు లేకున్నను అచ్చటనే యుండవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు. సంగీతము నేర్చుకొనువారికిని, వడ్రంగము నేర్చుకొనువారికిని, చదువుకొనువారికిని ఏదో యొకనాడు ఇది ఎదురగును. ఒక బాలుని కథను ఊహించి దీనిని విచారింతము.

నల్లగొండ పట్టణమునకు కొద్దిదూరముననే పానగల్ అను గ్రామము కలదు. ఇది నేడు చిన్న ఊరుగా కనబడినను, ఒకప్పుడు కందూరి చోడుల రాజధానులలో ఒకటి. ఆ కాలపు ఆలయములు రెండు ఇప్పటికిని అచ్చట నిలిచియున్నవి. మొదటిది పచ్చల సోమేశ్వరాలయము. దాని రాళ్లపై రామాయణ భారత కథలు చెక్కబడియున్నవి. రెండవది ఛాయా సోమేశ్వరాలయము. అందు గర్భగుడిలోని లింగముపై పగలంతయు స్తంభపు నీడ నిలిచియుండుట చూచి యాత్రికులు ఆశ్చర్యపడుచుందురు. ఊరి చెంత ఉదయసముద్రమను పెద్ద చెరువు కలదు.

ఈ గ్రామమున ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు వారమునకు మూడు సాయంకాలములు సైకిలుపై నల్లగొండకు పోయి ఒక కరాటే శాలలో నేర్చుకొనుచుండెననుకొందము. అతని తండ్రి చిన్న రైతు. నెలనెల చెల్లించు రుసుమును ఆయన వరి అమ్మిన సొమ్ములోనుండి వేరుగా తీసి ఉంచుచుండెను. తెల్లని దుస్తులు కుట్టించుటకు తల్లి తన పొదుపు సొమ్ము ఇచ్చెను. బాలుడు చేరి పదునాలుగు నెలలయ్యెను. మొదట నుండిన ఉత్సాహము క్రమక్రమముగా తగ్గెను. ఒకనాటి రాత్రి అతడు అన్నము ముందు కూర్చుండి, “నేను రేపటినుండి ఆ శాలకు పోను” అనెను.

తండ్రి ముఖము చిన్నబోయినది. “ఇంత సొమ్ము పోసినది ఇందుకేనా?” అని ఆయన లేచి బయటకు పోయెను. నాయనమ్మ, “గురువును నడుమ విడిచినవానికి విద్య పట్టువడదురా” అనెను. తల్లి ఏమియు అనలేదు. తాత మాత్రము కోపపడలేదు. ఆయన తన యౌవనమున తాలీంఖానాలో కుస్తీ నేర్చినవాడు. మరునాడు సాయంకాలము ఆయన మనుమని వెంటబెట్టుకొని చెరువుకట్ట మీదికి పోయెను.

“నాయనా! నీకు ఆ శాల ఎందుకు నచ్చలేదో ఒక్కొక్కటిగా చెప్పుము. అన్నియు కలిపి చెప్పవద్దు” అని తాత అడిగెను.

బాలుడు చెప్పసాగెను. “తాతా! మొదటి సంగతి. మూడు నెలలనుండి ఒకే నిలుపు, ఒకే గ్రుద్దు. క్రొత్తది ఏదియు నేర్పుట లేదు. రెండవది, గురువుగారు తరచుగా ఆలస్యముగా వచ్చెదరు. ఆ సమయమున పెద్దపిల్లలే మాచేత అభ్యాసము చేయింతురు. మూడవది, పరీక్షకని, క్రొత్త రంగు బెల్టుకని మాటిమాటికి సొమ్ము అడుగుదురు. నాలుగవది…” అని ఆగెను.

“నాలుగవది ఏమి?”

“నా స్నేహితుని తల నేలకు తగిలినది. అతనికి కన్నులు తిరిగి వాంతి అయినది. ఇంటిలో చెప్పువాడు పిరికివాడని గురువుగారు అనిరి. ఎండకాలమున కూడ అభ్యాసము ముగియు వరకు నీరు త్రాగనీయరు. అది దీక్ష యట.”

తాత కొంతసేపు మాటాడలేదు. పిమ్మట ఇట్లనెను: “నీవు నాలుగింటిని ఒకే మూటగా కట్టి మోయుచున్నావు. అందుచేతనే నీకు దారి తోచుట లేదు. ఈ నాలుగును ఒకే జాతివి కావు. మొదటిది నీ తప్పు కావచ్చును, గురువు తప్పు కావచ్చును, విచారింపవలెను. రెండవది, మూడవది గురువును అడిగి తెలిసికొనదగినవి. నాలుగవది మాత్రము వేరు. దానిని గురించి ఈ రాత్రియే నీ స్నేహితుని తండ్రితో నేను మాటాడెదను. వానిని వైద్యునికి చూపవలెను.”

“మరి నాయన పోసిన సొమ్ము?” అని బాలుడు అడిగెను.

“మన చేనిలో బోరు వేయించిన దినము నీకు జ్ఞాపకమున్నదా? రెండువందల అడుగులు పోయినను రాతిపొడి పొడిగానే పైకి వచ్చుచుండెను. ఇంత ఖర్చయినది గదా, ఇంకను వేయింతమని మీ నాయన పట్టుబట్టెను. ఖర్చయిన సొమ్ము నేలలో కలిసిపోయినది. మనము వేయించినను రాదు, మానినను రాదు. ఇంకొక నూరడుగులు వేయించుటకు పోయిన సొమ్ము కారణము కారాదు. పైకి వచ్చు పొడి తడిగా నున్నదా లేదా అనునదియే కారణము కావలెను. తడి కనబడుచుండగా పది అడుగులకు ముందు ఆపినవాడును నష్టపడును. తడి లేని చోట అప్పు చేసి వేయించినవాడును నష్టపడును. నీ శాలలో తడి యున్నదేమో చూడుము.”

“ఎట్లు చూడవలెను?”

“ఒక నెల పోయి చూడుము. ఒక చిన్న పుస్తకము తీసికొని ప్రతిదినము రాత్రి నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయుము. ఈ దినము నా తప్పును ఎవరైన చూపి దిద్దిరా? నిన్న చేయలేనిది నేడు ఏదైన చేయగలిగితినా? నేను ప్రశ్న అడిగినప్పుడు ఏమి జవాబు వచ్చెను? ఎవరికైన దెబ్బ తగిలినచో ఏమి చేసిరి? ఈ నెలలో నీవు మాత్రము మనసుపెట్టి అభ్యాసము చేయవలెను. సగము మనసుతో చేసినవానికి గురువును పరీక్షించు అధికారము లేదు. నీటిసీసా నీ వెంట నుంచుకొనుము. త్రాగవలదన్నచో ఆ క్షణముననే ఇంటికి రమ్ము.”

తాత చెప్పిన మొదటి మాటను మనమును కొంత విచారింపవలెను. ఒకే పనిని మరల మరల చేయించుట గురువు లోపమా? శిష్యుని ఓర్పులేమియా? దీనికి జపాను దేశపు కానో జిగోరో చరిత్ర మంచి ఉదాహరణము. జూడో అను విద్యను స్థాపించినవాడు ఆయనయే.

కానో 1860లో జన్మించెను. బాల్యమున ఆయన దేహము చిన్నది. బలవంతులైన తోడి విద్యార్థులు ఆయనను బాధించుచుండిరి. బలహీనుడు బలవంతుని గెలువగల జుజుత్సు అను విద్య కలదని విని ఆయన దానిని నేర్వదలచెను. కాని 1868 పిమ్మట జపానులో పాత రాజ్యవ్యవస్థ మారిపోయి, వీరవిద్యలకు ఆదరము తగ్గెను. జుజుత్సు గురువులు కొందరు ఎముకలు కట్టు వైద్యముతో జీవించుచుండిరి. అందుచే కానో ఎముకల వైద్యులను వెదకుచు, వారినడిగి, 1877లో ఫుకుద హచినొసుకె అను గురువును చేరెను.

ఒకనాడు గురువు ఆయనను క్రింద పడవేసెను. ఆ పట్టులో చేయి ఎట్లుండవలెను, కాలు ఎట్లుండవలెను అని కానో అడిగెను. గురువు వివరింపలేదు, మరల పడవేసెను. కానో మరల అడిగెను. గురువు మరల పడవేసెను. మాటలతో ఈ విద్య రాదనియు, అనేక పర్యాయములు చేసినగాని తెలియదనియు ఆయన భావము. విశ్వవిద్యాలయములో చదువుకొనుచు, ప్రతిదానికిని కారణమును వెదకు యువకునికి ఈ బోధనాపద్ధతి తృప్తి కలిగించి యుండదు. అయినను ఆయన శాలను విడువలేదు. ఏలయన, వివరణము లేకపోయినను గురువు స్వయముగా తన చేతితో నేర్పుచుండెను. శిష్యుడు దినదినమును ముందుకు పోవుచుండెను. తాత మాటలలో చెప్పవలెనన్న, పొడిలో తడి యుండెను.

ఆ శాలలోనే తనకన్న ఎంతో భారీవాడైన ఒక శిష్యుని కానో గెలువలేకపోయెను. అప్పుడు ఆయన శాలను నిందింపక, గ్రంథాలయమునకు పోయి పాశ్చాత్యుల కుస్తీ గ్రంథములు చదివి, ప్రత్యర్థిని భుజములపై ఎత్తి పడవేయు ఒక ఉపాయమును అభ్యసించి వానిని గెలిచెను. శాల నేర్పనిదానిని తానుగా వెదకుకొనుట కూడ శిష్యుని పనియే యని దీనివలన తెలియుచున్నది.

1879లో ఫుకుద మరణించెను. ఆయన కుటుంబమువారు శాలను కానోకు అప్పగించిరి. కాని తాను ఇంకను పక్వము కాలేదని ఎరిగి, కానో ఇసొ మసతొమొ అను మరియొక గురువునొద్ద చేరెను. ఆయనయు 1881లో గతించెను. పిమ్మట వేరొక సంప్రదాయమునకు చెందిన ఇకుబొ త్సునెతొషి నాశ్రయించెను. మొదటివారి విద్యలో పట్లు, పద్ధతులు మిక్కుటము. ఇకుబొ విద్యలో ఎదుటివానిని ఎత్తి పడవేయుట మిక్కుటము. 1882లో కానో టోక్యోలో ఐషోజి అను బౌద్ధాలయమున పండ్రెండు చాపలు పరచిన చిన్న తావులో కొద్దిమంది శిష్యులతో కొడొకాన్ అను శాలను స్థాపించెను. ఎదుటివాని నిలుకడను ముందుగా చెదరగొట్టి పిమ్మట పడవేయవలెనను సూత్రమును ఆయన శిష్యులకు విడమరచి చెప్పెను. తనకు లభింపని వివరణమును తన శిష్యులకు లభింపజేసెను. అయినను పూర్వగురువులను తృణీకరింపలేదు. ఇకుబొ సంప్రదాయపు పద్ధతులు నేటికిని కొడొకాన్‌లో ప్రాచీన పద్ధతులను పేరుతో అభ్యసింపబడుచున్నవి.

ఇక పానగల్ బాలుని సంగతి చూతము. అతడు తాత చెప్పినట్లు నెలదినములు పుస్తకము వ్రాసెను. రెండవ వారమున ధైర్యము తెచ్చుకొని గురువునొద్దకు పోయి, “గురువుగారూ! మూడు నెలలనుండి నాకు ఈ ఒక్క నిలుపే చెప్పుచున్నారు. నేను ఏమి సరిగా చేయుట లేదో చెప్పగలరా?” అని వినయముగా అడిగెను. గురువు అతనిని నిలువుమని, వెనుకకు పోయి, ఒక్క వ్రేలితో భుజమును త్రోసెను. బాలుడు తూలిపడెను. “నీ వెనుకకాలి మడమ లేచుచున్నది. అది నేలకు ఆనునంతవరకు నీకు క్రొత్తది నేర్పినను ప్రయోజనము లేదు” అని గురువు చెప్పెను. బాలుడు సిగ్గుపడెను. ఆ రాత్రి పుస్తకమున, “మొదటి దోషము నాది” అని వ్రాసికొనెను.

రెండవ ప్రశ్నకు జవాబు వచ్చినది. గురువు పగలు వేరొక చోట ఉద్యోగము చేయుచుండెను, అందుచే ఆలస్యమగుచుండెను. అది కష్టమేగాని మోసము కాదు. బెల్టుల సంగతి అంత తేలికగా లేదు. పరీక్షలో తప్పినవారు ఎవరును లేరు. రుసుము చెల్లింపనివారు మాత్రమే మిగిలిపోయిరి. బెల్టు అనునది శిష్యుడు ఎంత నేర్చెనో చూపు గుర్తు. కానో 1883లో తన శిష్యులకు మొదటిసారి శ్రేణులు ఇచ్చినప్పుడు దాని ప్రయోజనము అదియే. సొమ్ముకు అమ్మబడిన గుర్తు దేనిని చూపును? కొన్నవాని సొమ్మును మాత్రమే చూపును.

నాలుగవ విషయమున ఏ మార్పును లేదు. వైద్యుడు బాలుని స్నేహితుని పరీక్షించి కొన్ని వారములు విశ్రాంతి తీసికొనవలెనని చెప్పెను. తలకు దెబ్బ తగిలి కన్నులు తిరిగినను, వాంతి అయినను, మాట తడబడినను, వెంటనే ఆట మాన్పించి వైద్యునికి చూపవలెను. అదే దినమున మరల గోదాలోనికి దింపుట ప్రాణాపాయకరము. ఈ సంగతి శాలకు తెలిపినను గురువు పట్టించుకొనలేదు. నల్లగొండ ప్రాంతమున ఎండకాలమునందు వేడి నలువది డిగ్రీలు దాటుట సామాన్యము. అట్టి వేడిలో నీరు త్రాగనీయకుండ శ్రమ చేయించుట దీక్ష కాదు, వడదెబ్బను పిలుచుట. ఒకనాడు బాలుడు నీటిసీసా తీయగా గురువు దానిని ఊడలాగికొనెను. బాలుడు నమస్కరించి ఇంటికి వచ్చివేసెను.

ఆ రాత్రి పుస్తకమును తండ్రి ముందుంచెను. తండ్రి దీపము క్రింద కూర్చుండి మొదటి పుటనుండి చివరి పుట వరకు చదివెను. “మొదటి దోషము నాది” అను మాటవద్ద ఆయన కొంచెము ఆగెను. కొడుకు కష్టమునకు వెరచి మానుట లేదని ఆయనకు నమ్మకము కలిగినది.

నాయనమ్మ సందేహము మాత్రము తీరలేదు. “ఎంత చెప్పినను గురువు గురువే గదా!” అనెను. అందుకు తాత భీష్ముని కథ చెప్పెను. భీష్మునికి అస్త్రవిద్య నేర్పినవాడు పరశురాముడు. కాశీరాజు కుమార్తె అంబ తనకు జరిగిన అన్యాయమును పరశురామునితో మొరపెట్టుకొనగా, ఆమెను స్వీకరింపుమని ఆయన భీష్ముని ఆజ్ఞాపించెను. బ్రహ్మచర్యవ్రతమును పూనిన భీష్ముడు అంగీకరింపలేదు. గురువు కోపించి యుద్ధమునకు పిలిచెను. భీష్ముడు ముందుగా రథము దిగి, గురువునకు నమస్కరించి, ఆయన అనుజ్ఞ పొంది, పిమ్మటనే విల్లు చేపట్టెను. ఇరువది మూడు దినములు యుద్ధము జరిగినది. యుద్ధము ముగిసిన పిమ్మట మరల గురువు పాదములకు మ్రొక్కెను.

“చూచితివా! గురువు మాట ధర్మమునకు సరిపడనప్పుడు కాదనుట ద్రోహము కాదు. నమస్కరింపక కాదనుట మాత్రము మర్యాద కాదు. మన ఛాయా సోమేశ్వరుని గుడిలో నీడ సంగతియే చూడుము. కొందరు అది యెట్లు పడుచున్నదని పరిశీలించి, స్తంభముల అమరికవలనను వాని నడుమనుండి వచ్చు వెలుగువలనను ఏర్పడుచున్నదని చెప్పిరి. వారు ప్రశ్నించినందున దేవుని గౌరవము తగ్గలేదు. కట్టిన శిల్పుల గౌరవము పెరిగినది. ప్రశ్నకు నిలిచిన గురుత్వమే గురుత్వము” అని తాత ముగించెను. నాయనమ్మ మరి మాటాడలేదు.

మరునాడు తండ్రియు కొడుకును కలిసి శాలకు పోయిరి. ఆ నెలకు చెల్లింపవలసిన రుసుమును తండ్రి చెల్లించెను. బాలుడు, “గురువుగారూ! మీరు నేర్పినదానికి కృతజ్ఞుడను. ఇకమీదట నేను రాను” అని చెప్పెను. స్నేహితుని దెబ్బ సంగతియు, నీటి సంగతియు దాచక, తక్కిన పిల్లల మేలు కోరి, తండ్రి నెమ్మదిగా చెప్పెను. గురువు చాలసేపు నేలవైపు చూచుచు నిలిచెను. వారు గడప దాటుచుండగా, “ఓయీ! ఆ మడమ సంగతి మరువకుము” అనెను.

బాలుడు మరువలేదు. రెండు నెలలు పాఠశాల ఆటస్థలములో తానే ఆ నిలుపును అభ్యసించెను. పిమ్మట తండ్రితో కలిసి వేరొక శాలకు పోయి, చేరుటకు ముందు మూడు దినములు ఒక మూల కూర్చుండి చూచెను. అచ్చటి శిక్షకుడు చిన్నపిల్లలను ఎట్లు దిద్దుచుండెనో, దెబ్బ తగిలినవానిని ఎట్లు చూచుచుండెనో, తనకు తెలియనిది అడిగినప్పుడు ఏమి చెప్పుచుండెనో గమనించెను. తరువాతనే చేరెను. అచ్చట పాత బెల్టు చెల్లలేదు. మొదటి వరుసలో, తనకన్న చిన్నవారితో నిలువవలసి వచ్చెను. అతడు నిలిచెను. బెల్టు పోయినను నేర్చిన విద్య దేహములోనే యుండునని అతనికి అప్పటికే తెలిసినది.

బాలబాలికలారా! ఈ కథలో బాలుడు ఒక నెల వేచి, విచారించి నిర్ణయించుకొనెను. కాని అన్ని సందర్భములలోను వేచియుండ రాదు. శిక్షకుడు గాని, తోడివారు గాని మీ దేహమును తాకరాని రీతిగా తాకినచో, ఒంటరిగా రమ్మనినచో, ఇంటిలో చెప్పవద్దని బెదిరించినచో, ఆ క్షణముననే ఆ తావును విడువవలెను. తల్లిదండ్రులతోనో, నమ్మిన ఉపాధ్యాయునితోనో వెంటనే చెప్పవలెను. బాలలకు సహాయము చేయుటకై 1098 అను టెలిఫోను సంఖ్యయు కలదు. అట్టిచోట గురుభక్తి, రుసుము, బెల్టు, పరువు అను మాటలకు తావు లేదు. తప్పు చేసినవానిదే సిగ్గు, చెప్పినవారిది కాదు.

తక్కిన సందర్భములలో తొందరపాటును పనికిరాదు, మొగమాటమును పనికిరాదు. కష్టముగా నున్నదని విడిచినవాడు ఎన్ని శాలలు మారినను అదే కష్టమును మరల మరల ఎదుర్కొనును; ఏలయన, ఆ కష్టము విద్యలోనే కలదు. కీడు జరుగుచున్నను విడువనివాడు తన ఓర్పును తప్పుచోట ఖర్చు చేయును. ఈ రెంటిని వేరుచేసి చూచుటయే వివేకము.

ఒక్క తావున సమస్తము దొరకవలెనని కోరుటయు సరికాదు. కలియుగ భీముడని పేరు పొందిన మన కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, సాము, కుస్తీలలో ఆరితేరెను. అంతటితో తృప్తిపడక, చెన్నపట్టణమునకు పోయి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందెను. తిరిగి విజయనగరము వచ్చి విద్యార్థులకు వ్యాయామము నేర్పెను. పిమ్మట సర్కసు స్థాపించి, ఉక్కు గొలుసులు తెంచి, దేశదేశములలో కీర్తి గడించి, 1942లో మరణించెను. ఒక ఊరు విడిచి మరియొక ఊరికి పోయినందున ఆయన విద్య విడువలేదు, అది పెరిగినది.

శాల వేరు, విద్య వేరు. శాలను విడువవలసి వచ్చినప్పుడు బాకీ తీర్చి, నమస్కరించి, కారణము చెప్పి, వెలుగులో విడువవలెను. విద్యను మాత్రము విడువరాదు.

అభ్యాసము

1. బాలుడు చెప్పిన నాలుగు కారణములను తాత ఎట్లు వేరుచేసెను? ఎందుచేత?

2. బోరుబావి ఉపమానము వలన తాత ఏమి బోధించెను? ఈ ఉపమానమునకు రెండు వైపులు కలవని మీరెట్లు చెప్పగలరు?

3. ఫుకుద వివరింపకపోయినను కానో ఆ శాలను ఎందుకు విడువలేదు?

4. భీష్ముని కథ నాయనమ్మ సందేహమునకు ఎట్లు సమాధానమగుచున్నది?

5. “మడమ సంగతి మరువకుము” అని గురువు చెప్పిన మాటవలన ఆయన స్వభావమును గురించి మీకేమి తోచుచున్నది? పది పంక్తులలో వ్రాయుడు.

6. విచారణకు వేచియుండక వెంటనే విడువవలసిన సందర్భములు ఏవి?